నాయనమ్మ ఉంది, మాట లేదు: ఇంగ్లీషు లిటరేచర్ క్లాసులో ఒక విద్యార్థిని ఏడాది

కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో నేను ఇంగ్లీషు చెబుతాను. ఆ ఏడాది బీఏ స్పెషల్ ఇంగ్లీషులో 14 మంది చేరారు. వాళ్లలో ఒక అమ్మాయి ఏడాది పొడుగునా రాసుకున్న నోట్సు పుస్తకం గురించి ఈ రాత. తన అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను. రాసిందంతా తనకి చదివి వినిపించాను. రెండు చోట్ల "అలా కాదు మేడమ్" అంది. ఆ రెండూ మార్చాను.

వాళ్లది దివిసీమ. నాన్న వేటకి వెళ్తాడు, అమ్మ రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. ఇంట్లో నాయనమ్మ ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ పేరుకి ఇంగ్లీషు మీడియం. ఇంగ్లీషు ఎందుకు తీసుకున్నావని మొదటి రోజు అడిగితే, టీచర్ ఉద్యోగానికి పనికొస్తుందని చెప్పింది. 14 మందిలో 11 మంది జవాబు అదే. అందులో తప్పేం లేదు, నేనూ అలా వచ్చినదాన్నే.

జులైలో తన టెక్స్ట్‌బుక్కు తెరిచి చూశాను. ప్రతి ఇంగ్లీషు మాట నెత్తి మీదా పెన్సిల్‌తో తెలుగు అక్షరాలున్నాయి. అర్థం కాదు, ఉచ్చారణ. వాళ్ల ఊళ్లో ఇంటర్ చదివిన ఒక అక్కని అడిగి రాసుకుందట. క్లాసులో పైకి చదవమన్నప్పుడు తను చదువుతున్నది ఆ పెన్సిల్ తెలుగునే. నలుగురి ముందూ తడబడకూడదని అంత కష్టపడింది. కానీ పద్యం చివరికి వచ్చేసరికి ఏం చదివిందో తనకే తెలియడం లేదు. అక్షరాలు కూడబలుక్కోవడంలోనే శక్తంతా అయిపోయేది.

రెండో సమస్య గైడు. మొదటి ఇంటర్నల్ పేపర్లు దిద్దుతుంటే 14 జవాబులూ ఒకే వాక్యంతో మొదలయ్యాయి: షేక్‌స్పియర్ గొప్ప కవి, గొప్ప నాటకకర్త. పిల్లల్ని తప్పు పట్టలేను. బట్టీ పట్టిన ఎస్సేకి మార్కులొస్తాయని వాళ్లకి అనుభవం మీద తెలుసు. చదివిన పద్యం వాళ్లని ఎక్కడైనా తాకిందో లేదో చెప్పే చోటు మాత్రం ఆ పేపర్లో లేదు. దానికోసం వేరే చోటు పెట్టాలనిపించింది.

అందుకే నోట్సు పుస్తకం. వారానికి ఒక పేజీ, ఏ భాషలోనైనా సరే, మార్కులుండవు. కవి ఎప్పుడు పుట్టాడో రాయొద్దన్నాను. ఈ వారం చదివినదాంట్లో ఎక్కడ ఆగిపోయావు, ఎందుకు ఆగావు, అది రాయమన్నాను.

అప్పుడు క్లాసులో షేక్‌స్పియర్ 18వ సానెట్ నడుస్తోంది. ప్రియమైన మనిషిని వేసవి రోజుతో పోల్చనా అని కవి అడిగే పద్యం. తన పుస్తకంలో మొదటి పేజీ ఇది, పూర్తిగా తెలుగులో:

"మాకు ఎండాకాలం అంటే వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నాన్న పడవ ఒడ్డునే ఉంటుంది. ఇంట్లో అప్పులన్నీ ఆ రెండు నెలల్లో చేసినవే. ఇష్టమైనవాళ్లని ఎండాకాలంతో ఎవరన్నా పోలుస్తారా?"

మన దగ్గర ఈ పద్యం చెప్పే ప్రతి మాస్టారూ మన ఎండలు, వాళ్ల ఎండలు అని ఒక మాట అని ముందుకు పోతారు. నేనూ ఏళ్ల తరబడి అంతే చేశాను. ఎండాకాలం అంటే రెండు నెలల అప్పు అని మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. మర్నాడు క్లాసులో ఇంగ్లండు వేసవి గురించి కాస్త వివరంగా చెప్పాను. అక్కడది చల్లగా, హాయిగా ఉంటుందని, జనం ఏడాదంతా దానికోసం ఎదురుచూస్తారని, కానీ నిలవదని. ఆ వారం తను రాసింది ఒకే లైను: "వాళ్ల వేసవి తొందరగా అయిపోతుందని కవికి బాధ, మా వేసవి తొందరగా అవదని మాకు." పద్యంలో కాలం గురించిన బాధ ఒకటుందని గైడు చెప్పకుండానే పట్టుకుంది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఈ రాతలో మిగతా టీచర్లకి పనికొచ్చే భాగం ఇదేననుకుంటాను.

ఆగస్టులో తను మొదటిసారి ఇంగ్లీషులో రాసింది. రెండు పేజీలు. వాళ్ల నాయనమ్మ గురించి. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే ఎర్ర పెన్ను తీసి రెండు పేజీలూ దిద్దేశాను. ఆర్టికల్స్, టెన్సులు, ప్రిపొజిషన్లు, ఒక్కటీ వదల్లేదు. ఆ పేజీల్లో ఒక చోట "గ్రాండ్‌మదర్ ఈజ్ దేర్, బట్ హర్ స్పీకింగ్ ఈజ్ నాట్ దేర్" అని ఉంది. దాన్ని కొట్టేసి, పైన "మై గ్రాండ్‌మదర్ రేర్లీ స్పీక్స్" అని రాసి ఇచ్చాను. వ్యాకరణం ప్రకారం నేను రాసింది సరైనదే.

తర్వాత మూడు వారాలు పుస్తకం రాలేదు. అడిగితే ఇంట్లో మర్చిపోయానంది. నాలుగో వారం తెచ్చింది. తెరిస్తే, ఆ రెండు పేజీల్నీ కలిపి అంచున పిన్నులు కొట్టేసి ఉంది. మూడు పిన్నులు. మళ్లీ ఆ పేజీలు తెరుచుకోకుండా. తర్వాతి పేజీలో తెలుగులో గైడు సారాంశం, అంతే.

స్టాఫ్ రూములోకి పిలిచి, "అమ్మా, నీ పుస్తకంలో నేను ఎర్ర పెన్ను పెట్టకూడదు, పెట్టాను. ఇంకెప్పుడూ పెట్టను," అన్నాను. తలొంచుకుని నిలబడింది. "తప్పులు దిద్దాలి కదా మేడమ్," అంది. దిద్దాలి. ఎలా దిద్దాలన్నది నాకే స్పష్టంగా లేదప్పుడు.

తర్వాత పద్ధతి మార్చాను. నోట్సు పుస్తకంలో నా పెన్ను పడదు. చదివానని తెలియడానికి కింద పెన్సిల్‌తో ఒక ప్రశ్న మాత్రం రాస్తాను. తప్పుల పనికి వేరే కాగితం. క్లాసు మొత్తం మీద ఎక్కువమంది చేస్తున్న తప్పులు వారానికి రెండే తీసుకుని, అవి తెలుగులోంచి ఎలా వస్తున్నాయో చూపించేదాన్ని. "నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు" అనేదాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే "టు మీ టూ సిస్టర్స్ ఆర్ దేర్" అవుతుంది. మన దగ్గర ఉండటం, వాళ్ల దగ్గర కలిగి ఉండటం. అది మతిమరుపు వల్లో బద్ధకం వల్లో వచ్చిన తప్పు కాదు, ఒక భాష లెక్క ఇంకో భాషలోకి వచ్చిపడింది. అలా చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో టెన్షన్ తగ్గడం కళ్లారా చూశాను. సెప్టెంబరు చివరికి తన పుస్తకం మళ్లీ నడిచింది, సగం తెలుగు, సగం ఇంగ్లీషు.

నవంబరు

నవంబరు రెండో వారంలో "రైడర్స్ టు ది సీ" మొదలుపెట్టాం. జె.ఎం. సింగ్ రాసిన ఏకాంకిక. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మన పుస్తకాల్లో సింజ్ అని రాస్తుంటారు, పలికేది సింగ్ అనే. 1904లో డబ్లిన్‌లో మొదటిసారి ఆడారు. ఐర్లండుకి పడమటి వైపు సముద్రంలో అరన్ దీవులని మూడున్నాయి. సింగ్ 1898లో మొదటిసారి అక్కడికి వెళ్లి, తర్వాత కొన్నేళ్లు మళ్లీ మళ్లీ వెళ్లి, ఆ జనంతో ఉండి, వాళ్ల మాట విని రాశాడు.

కథ చిన్నది. మోర్యా అనే ముసలమ్మ. మామగారిని, మొగుణ్ని, ఒకరి తర్వాత ఒకరుగా కొడుకుల్ని సముద్రం తీసుకుపోయింది. మైకేల్ అనే కొడుకు కనబడక తొమ్మిది రోజులైంది. ఎక్కడో ఉత్తరాన కొట్టుకొచ్చిన శవం మీంచి తీసిన చొక్కా, ఒక మేజోడు పాదిరి గారు పంపిస్తే, ఆడపిల్లలిద్దరూ తల్లికి తెలియకుండా మూట విప్పుతారు. చొక్కా బట్టి తేల్చుకోలేరు, అలాంటి గుడ్డ చాలామందికి ఉంటుంది. అప్పుడు చిన్నది నోరా మేజోడులో అల్లిక కన్నులు లెక్కపెడుతుంది. అరవై ఎక్కించి నాలుగు జార్చిన అల్లిక. అల్లింది తనే. మైకేల్ పోయాడని అలా తెలుస్తుంది. మిగిలిన ఒక్క కొడుకు బార్ట్లీ ఆ రోజే గుర్రాలు తీసుకుని సంతకి బయల్దేరాడు. అతనూ తిరిగి రాడు. ముసలమ్మ ఇక సముద్రం నా దగ్గర్నించి తీసుకోవడానికి ఏమీ లేదంటుంది.

క్లాసులో నేనే పైకి చదివాను. ముందు సీను తెలుగులో చెప్పడం, తర్వాత ఇంగ్లీషు చదవడం. నోరా లెక్కపెట్టే చోటు ఆ అమ్మాయి తల దించేసుకుంది. 19వ తేదీ కాలేజీకి రాలేదు.

దివిసీమవాళ్లకి ఆ తేదీ చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. 1977 నవంబరు 19, శనివారం, ఉప్పెన వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ల మీదికి సముద్రం నిలువెత్తున లేచి వచ్చింది. వేలమంది పోయారు. ఎవరిది ఏ శవమో పోల్చుకోలేక కలిపి దహనం చేసిన చోట్లున్నాయి. నేను ఆ ప్రాంతపు పిల్లలకే పాఠం చెబుతూ, ఈ నాటకాన్ని ఈ నెలలో పెట్టేముందు ఒక్క క్షణం ఆలోచించలేదు. సిలబస్ వరసలో వచ్చింది, చెప్పాను.

తర్వాతి వారం పుస్తకం ఇచ్చింది. నాలుగు పేజీలు, తెలుగులో. తను ఒప్పుకున్నంత మేరకే ఇక్కడ చెబుతున్నాను.

ప్రతి ఏడాదీ 19న నాయనమ్మ దీపం పెట్టి వాకిట్లో కూర్చుంటుంది. ఎవరితోనూ మాట్లాడదు. ఈసారి పక్కన కూర్చుని ఈ అమ్మాయి నాటకం కథ చెప్పింది, పాఠం ఒప్పజెబుతున్నట్టు. ముసలమ్మ పేరు దగ్గర్నించి మేజోడు దాకా. నాయనమ్మ అంతా విని, "ఆ పిల్లోడు ఎక్కడన్నా దొరికాడా?" అని అడిగింది. దొరికాడు, దూరంగా ఎక్కడో, అక్కడివాళ్లే పూడ్చిపెట్టారని చెప్పింది. "దొరికాడు గదా," అంది నాయనమ్మ. కాసేపాగి తన తమ్ముడి సంగతి చెప్పింది. పదేళ్లవాడు. ఉప్పెనకి ముందు రోజు వాడి మొలతాడు తెగితే తనే ముడి వేసింది. మూడో రోజున వరసగా పడుకోబెట్టిన పిల్లల్లో ముఖం చూసి గుర్తుపట్టలేక, ఆ ముడి చూసి పట్టుకుంది.

కింద ఆ అమ్మాయి రాసుకున్నది: "నాకు పదేళ్ల తాతయ్య ఒకడున్నాడని ఇప్పటిదాకా తెలీదు. నోరా అల్లిక లెక్కపెట్టింది, నాయనమ్మ ముడి చూసింది. మా నాన్నకి కూడా ఈ సంగతి తెలీదంట."

నేను ఆ పేజీల కింద ఏ ప్రశ్నా రాయలేదు. క్లాసులో చదవమని అడగలేదు. ఇలాంటివి పిల్లల చేత నలుగురిలో చెప్పించి పాఠానికి రంగు తెచ్చుకోవడం నాకు ఇష్టం ఉండదు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు.

ఎర్ర గీత ప్రశ్న

డిసెంబరులో నాటకం భాష మీద రెండు క్లాసులు తీసుకున్నాను. సింగ్ పాత్రల ఇంగ్లీషు పుస్తకాల ఇంగ్లీషు కాదు. ఆ దీవుల జనం మాట్లాడేది ఐరిష్. ఆ భాష నడక ఇంగ్లీషు కింద వినిపించేలా రాశాడు. ఐరిష్‌లో "అవును", "కాదు" అనడానికి విడిగా ఒక్కో మాట లేదు. "వచ్చాడా?" అంటే "వచ్చాడు" అనో "రాలేదు" అనో క్రియతోనే జవాబు చెప్పాలి. ఆ అలవాటు వాళ్ల ఇంగ్లీషులోకీ వచ్చింది. "ఇప్పుడే వెళ్లింది" అనడానికి "వెళ్లిన తర్వాత ఉంది" అన్నట్టు "షీ ఈజ్ ఆఫ్టర్ గోయింగ్" అంటారు. ఏ మాట మీద బరువు పెట్టాలో దాన్ని వాక్యం మొదటికి లాక్కొస్తారు.

బోర్డు మీద ఇవన్నీ రాస్తుంటే వెనక బెంచీలోంచి ఒకబ్బాయి, "మనమూ అంతే కదా మేడమ్, అన్నం తిన్నావా అంటే తిన్నా అంటాం, అవును అనం," అన్నాడు. క్లాసంతా ఉదాహరణల మీద పడింది. అరగంట ఆపలేకపోయాను, ఆపాలనీ అనిపించలేదు.

బెల్లయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది. పుస్తకం తెరిచి ఉంది. పిన్నులు తీసేసింది. చిల్లులు కనిపిస్తున్నాయి. నేను ఎర్రగా కొట్టేసిన వాక్యం చూపించి అడిగింది: "మేడమ్, ఆయన వాక్యాలకి ఎర్ర గీత ఎవరూ పెట్టలేదా?"

సరిగ్గా జవాబు చెప్పాలని చాలాసేపు ఆలోచించాను. నేను చెప్పింది ఇది. సింగ్‌కి మామూలు ఇంగ్లీషు బాగా వచ్చు, వచ్చి కూడా ఇలా రాయాలని ఎంచుకున్నాడు. నీకు రెండూ రావాలి. పరీక్షలో, ఉద్యోగం అప్లికేషన్లో మామూలు ఇంగ్లీషు రాయకపోతే నష్టపోయేది నువ్వే, అక్కడ నేను రాజీపడను. కానీ నీ వాక్యం దగ్గర నేను తప్పు చేశాను. "రేర్లీ స్పీక్స్" అంటే తక్కువ మాట్లాడుతుందని. నువ్వు చెప్పింది అది కాదు. మనిషి ఉంది, మాట లేదు అని. నేను ఆ తేడా చూడలేదు.

ఇందులో మన సంగతి కూడా ఒకటుంది. గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చయినప్పుడు, జనం నోట్లోని తెలుగులో నాటకం రాయడమనేది వాదులాటకి దారితీసిన విషయమే. రాతకి ఒక భాష, నోటికి ఒక భాష అనే గొడవ మన తాతల కాలంలో తెలుగులోనే నడిచింది. ఈ మాట చెబితే, "మరి మా ఊరి తెలుగు కూడా రాయొచ్చా?" అని అడిగింది. రాయమన్నాను.

ఫలితం సంగతికొస్తే, ఫిబ్రవరికి టెక్స్ట్‌బుక్కులో పెన్సిల్ తెలుగు పేజీకి రెండు మూడు మాటల మీదే మిగిలింది. పైకి చదివేటప్పుడు ఇప్పుడు అర్థమున్న చోట ఆగుతుంది. సెమిస్టర్ పరీక్షలో మోర్యా పాత్ర మీద ఎస్సే వచ్చింది. జవాబు ఎలా మొదలుపెట్టావని అడిగితే, ముసలమ్మ గొప్పతనం అంటూ మొదలుపెట్టలేదని, మేజోడు దగ్గర్నించి మొదలుపెట్టానని చెప్పింది. మార్కులు బాగానే వచ్చాయి. గైడు నుంచి రాసినవాళ్లకి అంతకంటే ఎక్కువ వచ్చిన మాట కూడా నిజం. మాట్లాడటం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. సెమినార్‌లో రెండు నిమిషాలకే గొంతు ఆగిపోయింది. రాతకి పనిచేసిన పద్ధతి మాటకి పనిచేయలేదు, దానికి వేరే ఏదో కావాలి.

ఒక విద్యార్థిని అనుభవాన్ని అందరికీ అతికించలేం. మిగతా 13 మందిలో ముగ్గురి పుస్తకాలు గైడు దాటలేదు. "మనమూ అంతే కదా" అన్న అబ్బాయికి ఈ నాటకం మీద పెద్ద ఆసక్తి కలగలేదు. తనని పట్టింది సానెట్ లెక్క. 14 పాదాలు, పాదానికి పది అక్షరాలు, బలం లేనిది ఒకటి, బలమున్నది ఒకటి, అలా అయిదు జతలు. పదో తరగతిలో గణవిభజన బాగా చేసేవాడట. గురులఘువుల గుర్తులు పెడుతూ షేక్‌స్పియర్‌ని చదివాడు. అది మాత్రల నిడివి కాదు, ఊనిక, అంటే పలికేటప్పుడు పెట్టే బలం అని చెబితే, తేడా పట్టుకోవడానికి వారం రోజులు బల్ల మీద వేళ్లతో కొట్టుకుంటూ తిరిగాడు. నేను ఏ దారిలో ఎవరికి ఏ తలుపు తెరుచుకుంటుందో ముందే చెప్పలేను. పుస్తకం మటుకు అందరి చేతా రాయిస్తాను.

మార్చి చివర్లో ఆ అమ్మాయి నాటకాన్ని తెలుగులోకి రాస్తానని వచ్చింది. పరీక్షలయ్యాక చూద్దామన్నాను. మేలో కాలేజీకి వచ్చి మూడు పేజీలు చూపించింది. వాళ్ల ఊరి తెలుగులోనే రాసింది. ఆడవాళ్లు శవం చుట్టూ చేరి ఏడ్చే చోట నేను చాలా ఏళ్లుగా "విలపించుట" అని చెబుతూ వచ్చాను. తను "శోకాలు పెట్టడం" అని రాసింది. నిఘంటువుల్లో వెతికినా నాకు ఇంతకంటే సరైన మాట దొరకదు.

మేజోడు దగ్గర మాత్రం "స్టిచెస్" అనే మాటకి ఆగిపోయింది. మా వైపు ఉన్ని అల్లేవాళ్లు లేరు. కుట్లు అంటే కుట్టుపని అవుతుంది. ఇది అల్లిక. నాకూ తోచలేదు. అప్పుడు వేట నిషేధం రోజులు. వాళ్ల నాన్న ఇంట్లోనే ఉండి వలలు బాగుచేసుకుంటున్నాడు. తను పోయి పక్కన కూర్చుందట. తెగిన చోట నాన్న కొత్తగా కడుతున్న కన్నులు లెక్కపెడుతూ, ఈ వలలో ఏవి నువ్వు కట్టినవి, ఏవి బాబాయి కట్టినవి అని అడిగిందట. ఆయన చూడకుండానే వేలితో తడిమి చెప్పాడట. ముడి బిగింపులో తెలిసిపోతుందన్నాడు.

నాలుగో పేజీలో నోరా ఇప్పుడు అరవై కన్నులు లెక్కపెడుతోంది.